ఎర్రబడ్డ కత్తి

"ఈ కత్తి ఎందుకు ఎర్రబడిందమ్మా?"

మానస అడగడం ఇది మూడోసారి. రాహేలు వినపడనట్టే అన్నం వడ్డించింది. వినపడనట్టు ఉండటంలో ఆ ఇంట్లో ఆమెను మించినవాళ్ళు లేరని పేరు. గురువారం నుంచి ఆ పేరు కాస్తా ఆమె భర్త శౌరి కొట్టేశాడు. ప్లాంటు ఇన్‌చార్జి ఉపేంద్ర గేటు దగ్గర నిలబెట్టి, "సంగతి తేలేదాకా కాపలాకి రావద్దు శౌరీ" అంటే తలూపి ఇంటికొచ్చినవాడు, ఇవాళ శనివారం మధ్యాహ్నం దాకా పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

మానస కత్తిని కిటికీ వెలుగులోకి తిప్పింది. కూరలు తరిగే మామూలు ఇనపకత్తి. పిడి దగ్గర నల్లగానే ఉంది. మొన దగ్గర మూడు వేళ్ళ మేర మాత్రం తోమిన రాగిచెంబులా ఉంది. తుప్పయితే గోటికి రాలాలి. ఇది రాలడం లేదు.

"ఇది రాగి. రాగి కలిసిన నీళ్ళలో ఇనుము ముంచితే ఇట్టా పడుద్ది. ఆ నీళ్ళు మనింట్లోకి ఎట్టా వచ్చినయ్?"

"నీ ఉద్యోగమే అది కదటే. నీ పురుగుల్ని అడుగు, చెబుతయ్," అంది రాహేలు.

పురుగులంటే ప్లాంటులో పెంచే బ్యాక్టీరియా. కూతురు ఎమ్మెస్సీ చదివి చివరికి పురుగుల్ని మేపుకుంటోందని రాహేలుకు మొదటి నుంచీ చిన్నతనం. ఎర్రగుట్టపాలెం రాగి గని మూతపడి ముప్పై ఏళ్ళు దాటింది. అప్పట్లో పనికిరాదని పారబోసిన రాయి ఊరి పక్కన గుట్టయి కూర్చుంది. ఆ గుట్ట మీద ఇప్పుడు బ్యాక్టీరియా కలిపిన పుల్లటి నీళ్ళు చల్లుతున్నారు. అవి రాయిలో ఉన్న గంధకాన్ని తిని బతుకుతాయి. రాయి వదిలేసిన రాగి నీళ్ళలోకి దిగుతుంది. నీలంగా మారిన ఆ నీళ్ళు, అడుగున నల్ల షీటు పరిచిన పెద్ద గుంటలోకి చేరతాయి. కూలీలు దాన్ని నీలంగుంట అంటారు. దాని కాపలా శౌరిది. దాని కొలత మానసది.

ఆ కొలతే ఇప్పుడు కొంపలో నిప్పు పెట్టింది. ఎండకు ఆరిపోయేది పోను, గుంటలో నీళ్ళు రోజుకు రెండు వేళ్ళు తగ్గుతున్నాయని బుధవారం మానస రిజిస్టరులో రాసింది. గురువారం పొద్దున కాపలా గుడిసెలో నీలం మరకల క్యాను దొరికింది. గుంట కారుతూ ఉండాలి, లేదా ఎవరో తోడుకుపోతూ ఉండాలి. కారితే ప్లాంటు ఆగిపోతుంది, ఊళ్ళో డెబ్బై ఇళ్ళకు పని పోతుంది. తోడుకుపోతుంటే కాపలావాడు దొంగ. ఈ రెంటిలో ఏదో తేల్చి, ఇవాళ సాయంత్రం ఐదింటికల్లా సంతకం పెట్టమన్నాడు ఉపేంద్ర.

"నాయన పేరు నేను రాయలేదమ్మా. నీళ్ళు తగ్గినయ్యని రాశా. అంతే."

"నీళ్ళు తగ్గినయ్యంటే కాపలా ఎవుడని అడగరా? అంత చదువు చదివావు, ఆ మాత్రం తోచలా?" రాహేలు గరిటె గిన్నెలో పడేసింది. "ఇరవై ఏళ్ళు ఆ గన్లో చేశాడు మీ నాయన. ఒక్క మేకు ఇంటికి తెచ్చినోడు కాదు. ఇవాళ కన్నకూతురు చేత దొంగ అనిపించుకుంటన్నాడు."

శౌరి ఇద్దరినీ చూడకుండా కంచంలో చెయ్యి కడిగేశాడు. అన్నం సగం అలాగే ఉంది. లేచి పెరట్లోకి వెళ్ళాడు. పశువుల కొట్టంలోంచి ఏదో బరువైనది ఈడ్చిన చప్పుడు వినిపించింది. తర్వాత సైకిలు స్టాండు తీసిన చప్పుడు.

"నాయన ఎక్కడికి?"

"నాకు చెప్పి పోతాడా ఏంది?"

"అమ్మా, కత్తి ఎవరిదో చెప్పు. చెప్పకపోతే ఇదే పట్టుకుని ఉపేంద్రగారి దగ్గరికి పోతా."

పోదని రాహేలుకు తెలుసు. అయినా కూతురి గొంతులో ఏదో విని భయపడింది. "మీ అన్న తీసుకపోయాడు. మిరప తోటకి మందు కలిపేటప్పుడు ముంచి చూడటానికి. నిన్న తెచ్చిచ్చాడు. చింతపండుతో తోమినా పోలా. చాలా ఇంక?"

చాలింది. పల్నాటిలో మిరప వేసినవాళ్ళకు ఈ ముచ్చట కొత్తది కాదు. మైలుతుత్తం ఒక డ్రమ్ములో, సున్నం ఒక డ్రమ్ములో కలిపి, రెండూ ఒకచోట పోసి, అందులో ఇనపకత్తి ముంచి చూస్తారు. కత్తి ఎర్రబడితే సున్నం చాలలేదని అర్థం, అలాగే కొడితే ఆకు మాడుతుంది. ఎర్రబడకపోతే మందు కుదిరినట్టు. మైలుతుత్తమంటే రాగే. నీలంగుంటలో ఉన్నదీ రాగే. ఆ రెండూ ఒకటేనని కనిపెట్టడానికి అన్న నానికి ఎమ్మెస్సీ అక్కర్లేకపోయింది.

మానస కత్తిని పాత గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

*

నాని కౌలు చేలకు వెళ్ళే దారి గనిబావి పక్క నుంచే పోతుంది. బావిని ఆనుకున్న ఇల్లు జీనత్‌ది. మానస, ఆమె పదో తరగతి దాకా ఒకే బెంచీ. ఇప్పుడు జీనత్‌కు ఐదేళ్ళ కూతురు, జెబా. తాగడానికి అందరిలాగే క్యాను నీళ్ళు కొంటారు గానీ, వంటకూ వార్పుకూ ఆ వాడలో పాతిక ఇళ్ళకు గనిబావే ఆధారం.

నడుస్తూనే మానసకు బుద్ధి పుట్టింది. తోడుకుపోయింది అన్నే అని తేలేలోపు, కారడం లేదని కూడా తేలాలి కదా. సంచిలోంచి నీళ్ళలో పులుపు చూసే పరీక్ష కాగితం తీసింది. గుమ్మం పక్క అరుగు మీద నిండు బిందె ఉంటే అందులో ముంచింది. కాగితం ఆకుపచ్చగా తేలింది. పులుపు లేదు. బావి బాగానే ఉంది. గుండెల మీద నుంచి ఒక రాయి దిగింది. దిగింది గానీ, ఇంకోటి ఎక్కింది. కారడం లేదంటే దొంగతనమే మరి.

"ఏందే, మా బిందెకు జొరం చూత్తన్నావా?" జీనత్ చేటలో బియ్యం చెరుగుతూ నవ్వింది.

"జొరం లేదులే. బాగానే ఉంది."

"ఉంటే మీ అమ్మకు చెప్పు. నెల దాటింది మా బావికి రాక. కూరకు కూడా క్యాను నీళ్ళే కొంటందంట. మా మీద ఏమన్నా అలిగిందా?"

నిజమే. నెల నుంచీ ఇంట్లో అన్నానికీ పప్పుకూ క్యాను నీళ్ళే. మోకాళ్ళ నొప్పి, చేదలేకపోతున్నానని చెప్పింది రాహేలు. ఆ మోకాళ్ళతోనే ఆదివారం పొద్దున చర్చి మెట్లు ఆగకుండా ఎక్కింది. మానస చూసింది, ఇప్పటిదాకా ఆలోచించలేదు.

"నొప్పులంట," అని నడిచింది.

*

నాని తోటలో డ్రమ్ముల దగ్గర ఉన్నాడు. చెల్లెలు సంచిలోంచి కత్తి తియ్యగానే పక్కకు తిరిగి కర్రతో డ్రమ్ము తిప్పడం మొదలుపెట్టాడు. డ్రమ్ములో ఏమీ లేదు.

"ఎన్ని క్యాన్లు?"

"నాలుగు."

"నిజం చెప్పన్నా."

"నాలుగే అంటన్నాగా. చూడు ఆకులు ఎట్టా మాడినయ్యో. ఆ నీళ్ళకు ఎంత సున్నం పోసినా కత్తి ఎర్రబడతానే ఉంది. ఈ దరిద్రం మళ్ళీ ముట్టుకుంటానా?" నిజంగానే నాలుగు సాళ్ళ మిరప అంచులు మాడి ఉంది. "నువ్వు కాగితం మీద ఏం రాసుకుంటావో రాసుకో. నేను దొంగనే. సరేనా?"

"గుంటలో తగ్గింది నాలుగు క్యాన్లు కాదన్నా. రెండు వేళ్ళంటే రోజుకు ట్యాంకర్లకు ట్యాంకర్లు. నీ తోటంతా నీలంగుంటయినా సరిపోదు."

నాని కర్ర ఆపాడు. చెల్లెలి మొహం చూశాడు. మొదటిసారి అతని మొహంలో కోపం పోయి అనుమానం వచ్చింది.

"అట్టయితే నాయన అట్టా ఎందుకు చేశాడు?"

"ఎట్టా?"

"మొదటి క్యాను పట్టుకెళ్తుంటే చూశాడు. చెంప పగలగొట్టాడు. బాగానే ఉంది, కొట్టాలి. పోయిన సోమవారం ఆయనే పిలిచాడు. ఇంకో క్యాను నింపుకో, తోటలో ఒంపుకుని ఖాళీది తెచ్చి గుడిసెలో వదిలిపో అన్నాడు. ఎందుకు నాయనా అంటే, వదిలిపో అన్నాడు. గురువారం దొరికింది అదే."

మానసకు అర్థం కాలేదు. తన గుడిసెలో దొంగసొత్తు తనే పెట్టించుకునేవాడు ఎక్కడైనా ఉంటాడా?

"ఇంకోటి. ఇంటి కొట్టంలో ఉన్న నా సున్నం బస్తాలు పదకొండు తీసుకపోయాడు. ఒక్కటొక్కటిగా, సైకిలు మీద. క్రిస్మసొస్తంది గదరా, చర్చికి వెయ్యాలన్నాడు. సరే దేవుడి పని కదా అని నేను అడగలా."

"చర్చికి ఈసారి సున్నం వెయ్యలేదు. పాస్టరుగారు రంగు డబ్బాలు తెప్పించారు. వారం కిందే అయిపోయింది."

ఊళ్ళో ఏటా డిసెంబరు మొదటి వారంలో శౌరి నిచ్చెనెక్కి చర్చికి సున్నం కొట్టడం చిన్నప్పటి నుంచీ చూసినవాళ్ళు అన్నాచెల్లెళ్ళిద్దరూ. ఆయన చర్చి పేరు పెట్టి అబద్ధమాడాడంటే అది చిన్న సంగతి కాదు. ఇందాక కొట్టంలో ఈడ్చిన బరువేమిటో మానసకు తెలిసింది.

"పన్నెండో బస్తా ఇవాళ పోయింది," అంది.

*

శౌరి ప్లాంటు వెనక కంచె దగ్గర, తుమ్మ పొదల నీడన కూర్చుని ఉన్నాడు. పక్కన సైకిలు. సైకిలు మీద సున్నం బస్తా. గేటు దగ్గర వాచ్‌మన్ సర్దార్ రానీయలేదని, చుట్టూ తిరిగి ఇక్కడికి వచ్చాడని చూస్తేనే తెలుస్తోంది. కంచె తీగ చేతికి గీరుకుని రక్తం వచ్చింది.

కూతుర్ని చూసి లేచాడు. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"అమ్మా, నీకు కార్డుంది. నిన్ను ఆపరు. ఈ బస్తా లోపల సొరంగం మూతి దగ్గర పెట్టిరా. తరవాత నన్ను ఏమన్నా అను."

"సొరంగమేంది నాయనా? ఇక్కడ సొరంగం లేదు."

"మీ మ్యాపులో లేదు."

అదెక్కడుందో చెప్పాడు. గుట్ట వెనక సర్కారు తుమ్మ చెట్లు తోసుకుని నాలుగు మెట్లు దిగితే. మానస బస్తా మొయ్యలేక సగం ఈడ్చుకుంటూ వెళ్ళింది. తిట్టుకుంటూ వెళ్ళింది. కోపం తండ్రి మీదో, తన మీదో ఆమెకే తెలియలేదు.

మెట్ల కింద నడుం ఎత్తు రాతి గూడు ఉంది. అందులో సున్నం బస్తాలు అడ్డంగా పేర్చి ఉన్నాయి. ఇవతలి వరస మాత్రమే తెల్లగా ఉంది. వెనకవి గట్టిపడిపోయి, నీలంగా, పచ్చగా పెళ్ళలు కట్టాయి. లోపలి నుంచి వస్తున్న నీటిధార బస్తాల్లోంచి రావడం మానేసి, పక్కన రాయి అంచున సొంత దారి చూసుకుంది. వేలెడంత ధార. కింద రాతి కాలువలో పడి, కంచె కిందుగా పల్లానికి, గనిబావి వైపు పోతోంది.

మానస సంచిలోంచి కత్తి తీసి, నల్లగా ఉన్న పిడి వైపు ఇనుమును ధార కింద పెట్టింది. యాభై అంకెలు లెక్కపెట్టింది. తీసి చూస్తే కత్తి ఇప్పుడు మొత్తం ఒకటే రంగు.

తెచ్చిన బస్తా చింపి ధారకు అడ్డం గుమ్మరించింది. అది ఎంతసేపు ఆగుతుందో చదువుకున్న ఆమెకు తెలుసు. తండ్రికి చదువు లేకుండానే తెలుసు.

"ఎన్నాళ్ళయింది?" కంచె దగ్గరికి తిరిగొచ్చి అడిగింది.

"నలభై రోజులు. మొదట తడి కనపడింది. తరవాత చెమ్మ నీలంగా. ఈ పాత గని సొరంగంలో ఊరే నీళ్ళు పట్టడానికే అప్పటి గని దొరలు ఆ బావి తవ్వించారు. అందుకే గనిబావి. మీ గుంట సరిగ్గా సొరంగం నెత్తిన కూర్చుంది. తవ్వేటప్పుడే ఉపేంద్రగారికి చెప్పా. మ్యాపులో లేదయ్యా, నీకు వయసు మీద పడిందన్నాడు."

"షీటు ఉంది కదా నాయనా. షీటు బాగుంటే సొరంగం ఉన్నా ఏం కాదు. మూడు రోజులు నీళ్ళు నింపి చూశాం. చుక్క కారలా."

"పూజకు ముందు చూశారు."

మానసకు ఆ పూజ గుర్తొచ్చింది.

ఆగస్టులో ప్రారంభం. గుంట ఎండబెట్టి, అడుగున ఈశాన్యం మూలే పూజ చెయ్యాలని ఉపేంద్ర పట్టుబట్టాడు. షీటు మీద ఇసుక పరిచి, ఆ మూల షామియానా వేశారు. ఊరంతా వచ్చింది. దీపం వెలిగించమని మానసను పిలిచారు, శాలువా కప్పారు. శౌరి ఒక పక్కన నిలబడి కళ్ళు తుడుచుకోవడం ఆమె చూసింది. ఆ సాయంత్రం, షామియానా ఇంకా విప్పకముందే, షీటు పరీక్ష కాగితం ఎవరో ముందు పెడితే సంతోషంలో సంతకం పెట్టింది. పూజ తర్వాత మళ్ళీ చూడాలని నియమం. చూడలేదు. వారం కిందే చూశాం కదా అనుకుంది.

"ఆ రోజు గాలి లేచింది," అన్నాడు శౌరి. "షామియానా తాళ్ళకు కట్టిన ఇసుక మూటలు ఆగలా. నీ నెత్తిన పడుద్దేమోనని నేనే మేకు కొట్టా. ఈ చేత్తోనే. ఇనప మేకు, మూరెడు. ఇసకలో కొడుతున్నా అనుకున్నా. కింద షీటుందన్న గ్యానం ఆ నిమిషాన లేదు నాకు. తరవాత మేకు పీకి, ఇసక సర్దేశారు. కన్నం ఎవరికి కనపడుద్ది?"

"నలభై రోజులు నాకెందుకు చెప్పలా?"

"చెబితే నువ్వేం చేస్తావు?"

"రాస్తా."

"అందుకే చెప్పలా." శౌరి గొంతు తగ్గింది. "కన్నం ఉందంటే సంతకం ఎవరిదని చూస్తారు. నీ సంతకం ఉంది. నిన్ను జైల్లో పెడతారో ఏం చేస్తారో నాకు తెలవదు. ప్లాంటు మూస్తారు, ఊళ్ళో డెబ్బై ఇళ్ళు మన గుమ్మం మీద ఉమ్మేస్తయ్. అదే దొంగతనమనుకో, ఒక ముసలోడి కాపలా పోద్ది. అంతే. నేను దొంగనని రాయమ్మా. నాని క్యాను అందుకే గుడిసెలో పెట్టించా."

మానసకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు పట్టలేని కోపం వచ్చింది. ఈ మనిషిని దొంగ అనుకుని రెండు పూటలు అన్నం తినలేదు తను. అది కూడా ఆయన కావాలని చేసిన పనే.

"అమ్మకు తెలుసు."

"ఇంట్లో వండే నీళ్ళ సంగతి మీ అమ్మకు చెప్పకపోతే ఎట్టా?"

"మరి జీనత్‌కి?"

శౌరి సైకిలు సీటు మీద చెయ్యి పెట్టి దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"పాతిక ఇళ్ళు నాయనా. వాళ్ళకు ఎవరు చెప్పాలి?"

"సున్నం ఆపింది కదమ్మా. బస్తా గట్టిపడ్డప్పుడల్లా కొత్తది వేశా. రోజూ ఆ బావి నీళ్ళు నేను తాగి చూశా. పులుపు లేదు. ఈ మూడు రోజులే రానీలా నన్ను." ఆ మాట అని, ఎవరి మూలంగా రానీయలేదో గుర్తొచ్చినట్టు నోరు మూసుకున్నాడు.

మానసకు గుర్తుచేయక్కర్లేదు.

"ఇందాక చూశాను. బావి బాగానే ఉంది," అంది చివరికి. తండ్రికి ధైర్యం చెప్పడానికి అందో, తనకు చెప్పుకోవడానికి అందో. "ఇంకా చేరలేదు. ఈ బస్తా రేపటిదాకా ఆపుద్ది."

ఒక్క రోజు. ఆలోచించుకోవడానికి ఒక్క రోజు దొరికిందనుకుంది. మంచివాళ్ళకు కూడా ఇలాంటి లెక్కలు చటుక్కున వచ్చేస్తాయి.

*

ఐదు కాకముందే ఉపేంద్ర జీపు ఇంటి ముందు ఉంది. పంచలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రాహేలు ఇచ్చిన టీ తాగుతున్నాడు. నలభై ఐదేళ్ళ మనిషి. ప్రతిదానికీ ఎందుకు, ఎలా, ఎప్పుడు అని అడగడం అతని అలవాటు. గేటు దగ్గర గేదె కనపడినా ఎవరిది, ఎందుకొచ్చిందని అడుగుతాడని కూలీలు వెనక నవ్వుకుంటారు.

ఇవాళ ఏమీ అడగలేదు. కాగితం టైపు చేయించి తెచ్చాడు.

"శౌరి ఒప్పుకున్నట్టు ఒకటి. షీటులో ఏ లోపమూ లేదని నీ పేరు మీద ఒకటి. పోలీసుల దాకా వెళ్ళను. నీ మొహం చూసి వెళ్ళనమ్మా. పాత మనిషి, ఏదో కొడుకు తోట కోసం కక్కుర్తి పడ్డాడు."

శౌరి కాగితం తీసుకుని, చదవకుండానే, పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాడు. రాహేలు తలుపు చాటున నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండో కాగితం మానస ముందుకు వచ్చింది. ఆగస్టులో వచ్చినట్టే వచ్చింది.

"నేను ఒకసారి గుంట ఈశాన్యం మూల ఇసుక తీయించి చూస్తాను సార్. సోమవారం ఇస్తాను."

"ఎందుకమ్మా అనవసరంగా? మీ నాయన ఒప్పుకున్నాడు కదా." ఉపేంద్ర గొంతు చాలా మెత్తగా ఉంది. "చూడు, ఆగస్టు కాగితం మీద సంతకం నీదే ఉంది. దానికి ఇది తోడు ఉంటే నీకే మంచిది."

మానస పెన్ను పట్టుకుంది. తండ్రి నేల చూస్తున్నాడు. తల్లి ఆమెనే చూస్తోంది. పెట్టెయ్యి అంటున్నట్టుంది ఆ చూపు, పెట్టొద్దు అంటున్నట్టూ ఉంది.

అప్పుడే వీధి వాకిలి తోసుకుని జీనత్ వచ్చింది. ఒక చేతిలో కత్తి.

"పిన్నీ, ఇది చూడు. మధ్యాన్నం వంకాయలు తరిగి నీళ్ళ గిన్నెలో కత్తి వదిలేశా. ఇప్పుడు తీస్తే ఇట్టా ఎర్రగా అయింది. నిన్న మీ ఇంటి ముందు నుంచి పోతా, నువ్వు చింతపండుతో తోముతుంటే చూశా, నీదీ ఇట్టాగే ఉంది గదా. నేనూ తోమా. పోలా."

రాహేలు తలుపు చాటు నుంచి ఇవతలకు వచ్చింది.

"ఆ నీళ్ళు ఎప్పటివి?" మానస అడిగింది. "ఇందాక నేను చూసినప్పుడు..."

"నువ్వు చూసిన బిందె నిన్నటిదే. అరుగు మీదది. ఇవి నువ్వెళ్ళాక కొత్తగా తోడినయ్."

కాగితం అంచు ఫ్యాను గాలికి లేచి పడుతోంది.

శౌరి తలెత్తాడు. సంతకం పెట్టిన కాగితాన్ని, కూతుర్ని, ఉపేంద్రను వరసగా చూశాడు. నలభై రోజులు దాచినవాడు, మూడు రోజులు నోరు విప్పనివాడు, ఎవరూ అడగకుండానే మాట్లాడాడు.

"జీనత్, ఆ కూర పారబొయ్యమ్మా. ఆ నీళ్ళతో వండింది ఏదీ ఎవురూ తినొద్దు. వాడ మొత్తానికి చెప్పిరా. పో."

మానస ఉపేంద్ర వైపు చూసింది. ఎందుకు అని అడుగుతాడని. గేదెను కూడా విచారించే మనిషి, దొంగతనం ఒప్పుకున్న కాపలావాడు బావి నీళ్ళు ముట్టొద్దంటుంటే, ఎందుకు అని అడగాలి కదా.

ఉపేంద్ర అడగలేదు. టీ గ్లాసు కింద పెట్టి, కాగితాన్ని వేలితో ఆమె వైపు ఇంకాస్త జరిపాడు.

"సంతకం పెట్టమ్మా," అన్నాడు.

ఇతనికి తెలుసు. నెల కిందో, నలభై రోజుల కిందో, ఇతనికి తెలుసు. మానసకు అప్పుడు అర్థమైంది.

జీనత్ మాత్రం గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమెకు కాగితాలతో పని లేదు. కత్తిని మరో చేతిలోకి మార్చుకుని, చిన్నప్పటి బెంచీ స్నేహితురాలి వైపే చూస్తూ అడిగింది.

"జెబా అప్పుడే తినేసింది మానసా. చేదుగా ఉందని మారాం చేస్తే, కొట్టి మరీ తినిపించా. ఏమైద్దే దానికి?"